పంటుకి గడప ఉండదు

జూన్ 20, 1996. గురువారం. అంతర్వేది.

నేను టూరిస్టుని. ఈ మాట పొద్దుటినుంచీ కనిపించినవాళ్ళందరికీ చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ఈ పుస్తకం కూడా నమ్మకపోవచ్చు గానీ పైకి అనదు కాబట్టి దీంట్లో రాసుకుంటున్నాను.

వీపుకి తగిలించుకునే నీలం సంచీ ఒకటి రాజమండ్రిలో కొన్నాను. తెల్లదొరలు ఇలాంటిది వేసుకుని రైలు దిగితే జనం వెనకాల పడి హలో అంటారు. నేను వేసుకుని బస్సెక్కితే పక్కసీటాయన "ఏం అమ్ముతారండీ, దోమల మందా?" అన్నాడు. "కాదండీ, దోమలు" అన్నాను. ఆయన లేచి వెనక సీటుకి వెళ్ళిపోయాడు. సంచీకి చోటు దొరికింది.

ఇక్కడికి జనం మాఘమాసంలో కల్యాణానికి వస్తారు, కార్తీకంలో స్నానాలకి వస్తారు. ఆషాఢంలో ఎవరూ రారు. అందుకే వచ్చాను. సముద్రాన్ని పెళ్ళిచూపుల అలంకారంలో కాకుండా, నిద్రలేచిన మొహంతో చూడాలని. చూశాను. మొహం కడుక్కోవలసిన అవసరం చాలా ఉంది. కొట్లన్నీ తడికలు దించేసి ఉన్నాయి. తీర్థంలో ఫొటోలు తీసేవాడు తన చెక్క విమానానికి గోనెపట్టా కప్పి ఊరెళ్ళిపోయాడు. ముక్కు ఒక్కటీ బయటికుంది. దాని మీద పైలెట్టు ఉద్యోగంలో కాకి చేరింది.

దిగింది వీరమ్మగారి లాడ్జీలో. లాడ్జీ అన్నది బోర్డు మీద మాట. నాలుగు గదులు, ముందు పాకలో హోటలు. వీరమ్మగారికి యాభై దాటి ఉంటాయి. మనిషికి గరిటె మూడో చెయ్యి.

"ఒక్కరేనా అండి?"

"ఒక్కణ్ణే."

"ఈ రోజుల్లో ఏం చూద్దారనొచ్చారండి?"

"సముద్రం."

"అది పండక్కీ ఉంటది కదండీ" అంది, నేను తప్పు రైలెక్కినవాణ్ణయినట్టు.

ఇంట్లో కూర్చోవచ్చు కదా అంటే కూర్చోవచ్చు. నిడదవోలులో నా రేడియో రిపేరు కొట్టుని ఎవరూ ఎత్తుకుపోరు. ఊరంతా టీవీలు కొనుక్కున్నాక రేడియో పట్టుకొచ్చేవాడే లేడు. కానీ బజార్లో అడుగుపెడితే చాలు, "ఏం తాతాజీ, పెళ్ళాం పుట్టింటికెళ్ళిందంట" అని పలకరింపులు. నలభై ఏడేళ్ళకి పెళ్ళి చేసుకున్నవాడు పంచాయితీ కుళాయి లాంటివాడు. ఎవరైనా వచ్చి తిప్పుకోవచ్చు. ఇన్నేళ్ళూ ఊళ్ళో ప్రతివాణ్ణీ నేను ఆటపట్టించాను. ఇప్పుడందరూ కలిసి వడ్డిస్తున్నారు.

పెళ్ళి మొన్న జ్యేష్ఠంలో అయింది. వరుడు తాతాజీ. వధువు చిన్నమ్మాయి. చిన్నమ్మాయి వయసు నలభై ఒకటి. శుభలేఖ అందుకున్నవాళ్ళు పేర్లు చూసి ఒకసారి, వయసులు గుర్తొచ్చి ఒకసారి నవ్వారు. నా నోటికి జడిసి నాకెవరూ పిల్లనివ్వలేదు. ఆవిడేమో నరసాపురంలో లేసు అల్లుకుంటూ, తమ్ముళ్ళ పెళ్ళిళ్ళు చేస్తూ, తన పెళ్ళి సంగతి మర్చిపోయింది. ఎవరో పుణ్యాత్ముడు గుర్తుచేశాడు.

ఆవిడ టీలో పంచదార ఎంత వేసుకుంటుందో నాకు పూర్తిగా తెలిసేలోపే ఆషాఢం వచ్చిపడింది. కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఆషాఢంలో ఒక కప్పు కింద ఉండకూడదు, అత్తా అల్లుడూ ఒక గడప దాటకూడదు. ఇరవై ఏళ్ళ పిల్లలకి పెట్టిన రూలు మాకెందుకండీ అన్నాను. మా అత్తగారు సుబ్బాయమ్మగారు డెబ్భై దాటిన మనిషి. నాతో మాట్లాడేటప్పుడు గోడవైపు చూస్తారు. "కొత్త అనేది పెళ్ళిని బట్టి బాబూ, వయసుని బట్టి కాదు" అని గోడకి చెప్పి, కూతుర్ని రిక్షా ఎక్కించారు.

కొట్లో రిపేరుకొచ్చిన మైకుసెట్టు ఉంది. ఊరికే ఉండనిస్తానా?

"అయ్యలారా, అమ్మలారా. ఆకుపచ్చ చీర కట్టుకున్న నలభై ఒక్క సంవత్సరాల చిన్నమ్మాయి ఇప్పుడే తప్పిపోయినది. ఎత్తుకుపోతున్నవారి పేరు సుబ్బాయమ్మగారు. రిక్షాలో స్టేషను వైపు పోవుచున్నారు. పట్టి ఇచ్చినవారికి మూడు బ్యాండ్ల రేడియో బహుమానం."

తీర్థాల్లో తప్పిపోయిన పిల్లల గురించి చెబుతారే, అచ్చం ఆ గొంతుతో. బజారు బజారంతా విరగబడి నవ్వింది. నవ్వనివాళ్ళు ఇద్దరే. ఆ ఇద్దరూ రిక్షాలో ఉన్నారు.

స్టేషనుకి వెనకాలే వెళ్ళాను. అమావాస్య నించి అమావాస్యకి లెక్కేసి, "వచ్చే నెల పదహారో తారీఖుకి ఆషాఢం వదులుతుంది. ఆవేళ పొద్దుటి పాసింజరు వేళకి మీ నరసాపురం స్టేషన్లో ఉంటాను, కలిసి వచ్చేద్దాం" అన్నాను. చిన్నమ్మాయి నావంక ఒకసారి చూసింది. ఏదో చెప్పబోయి మానేసింది. "సరే" అంది.

ఆ సరే గురించి నేనేమీ ఆలోచించడం లేదు. వస్తే వస్తుంది. రాకపోతే ఇన్నాళ్ళూ ఒక్కణ్ణీ బతకలేదా ఏంటి?

అన్నట్టు ఇక్కడికి ఎగువన సఖినేటిపల్లి రేవు, రేవుకి అవతల ఒడ్డున నరసాపురం. ఈ సంగతి ఇక్కడికి వచ్చాకే గుర్తొచ్చింది. రేపు ఉప్పాడ వెళ్ళాలి. అక్కడి సముద్రం ఇంకా బావుంటుందట.

జూన్ 21

వాన. ఉప్పాడ వెళ్ళలేదు.

జూన్ 22

వాన లేదు. వెళ్ళలేదు.

జూన్ 24

ఒడ్డున కూర్చుని ఈ పుస్తకంలో ఊరికే అడ్డగీతలు గీస్తున్నాను. పడవకి తారు పూస్తున్న పెద్దాయన చేతులు దులుపుకుంటూ వచ్చాడు. వెనకే ఇంకొకడు.

"ఏం రాత్తన్నారండి?"

"కెరటాలు లెక్కపెడుతున్నాను. గవర్నమెంటు పని."

"ఎందుకండి?"

"తూర్పుగోదావరికి ఇచ్చిన కోటా కంటే ఎక్కువ వస్తున్నాయని కంప్లయింటు వెళ్ళింది. మిగులు తేలితే కృష్ణాజిల్లాకి మళ్ళిస్తారు."

పెద్దాయన సముద్రంకేసి కాసేపు చూశాడు.

"చిన్నయ్యి పట్టికెల్తారాండి, పెద్దయ్యి పట్టికెల్తారాండి?"

"పెద్దవే."

"అయితే పట్టుకుపొమ్మనండి బాబూ. పడవని లోపలికి ఎల్లనిత్తం లేదు. ఏలుముద్ర ఎక్కడెయ్యాలి?"

నేను చెప్పేలోపే వేసేశాడు. ఈ పేజీ మీద నల్లగా ఉన్నది మరక కాదు, ప్రజాభిప్రాయం.

జూన్ 25

కోటా సంగతి ఊరంతా పాకింది. జాలర్లుండే పల్లిపాలెంలో ఇంకో ఇద్దరు వచ్చి, మీ వెంట తుఫాన్లు కూడా పట్టుకెళ్తారా అని అడిగారు. టీకొట్టులో నాకు వేరే గ్లాసు తీసిపెట్టారు. ఇలాంటివి జరిగిన వెంటనే ఎవరికైనా చెప్పుకోవాలి. సాయంత్రం దాకా ఆపుకున్నాను. చివరికి విమానం మీద కాకికి చెప్పాను. అది సగంలో ఎగిరిపోయింది.

జూన్ 29

నాలుగు రోజుల్నించి గమనిస్తున్నాను. నా గదిలో బట్టలారేసుకునే తాడు మాయమైంది. నేను ఒడ్డుకి వెళితే వీరమ్మగారు కూడా ఏదో పనున్నట్టు గరిటె పట్టుకుని ఒడ్డుకొస్తోంది. ఇవాళ అడిగేశాను.

"మీరు నామీద మనసుపడ్డారా వీరమ్మగారూ?"

"మీకంత సీను లేదులెండి. సీజను కాని రోజుల్లో మగోడు ఒక్కడూ వచ్చి సముద్రం ముందు కూకుంటే నాకు భయం. ఓపాలి ఒకాయన ఇలాగే వచ్చాడు. పోలీసోళ్ళు ఆర్నెల్లు తిప్పారు నన్ను. చావాలనుంటే సెప్పండి, గది కాళీ చేసేసి చావండి."

"నేను కెరటాలు లెక్కపెట్టే ఆఫీసర్నండీ."

"ఆయ్. కెరటాలు లెక్కెట్టేవోడు సముద్రానికి ఈపు తిప్పి కూకుంటాడా? నేను వొచ్చినప్పుడల్లా మీరు ఏటివైపే చూత్తన్నారు. అటు సముద్రం లేదు. నరసాపురం ఉంది."

గాలి ఎటు వీస్తే ఆ వైపు వీపు పెట్టి కూర్చుంటాను, అది శాస్త్రం, అని చెప్పాను. "ఎవరండీ ఆవిడ?" అంది. సాంబారులో ముక్కలు కనిపించడం లేదు, ముందు వాటి ఆచూకీ చెప్పండి అన్నాను. నేను తిట్టకుండా తిన్న వంట ఈ భూమ్మీద లేదు. ఆ సంగతి ఆవిడకి రెండోరోజే తెలిసిపోయింది. గరిటెడు సాంబారు ఇంకా పోసి వెళ్ళిపోయింది. అదే శిక్ష.

తాడు తిరిగి ఇవ్వలేదు.

జూలై 3

సెల్లు అయిపోయింది, ట్రాన్సిస్టరుకి. అంతర్వేదిలో దొరకవా అంటే దొరుకుతాయి. కానీ సఖినేటిపల్లిలో తాజాగా ఉంటాయని బస్సెక్కాను.

రేవులో కాసేపు నిలబడ్డాను. జనాన్ని అవతలికి చేర్చే పంటు వచ్చి, వెళ్ళి, మళ్ళీ వచ్చింది. ఏరు దాటేవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. లేసు మూటలు కూడా ఉన్నాయి. పచ్చచీరలు రెండు. రెండూ వేరేవాళ్ళవి.

సెల్లు కొనడం మర్చిపోయాను.

జూలై 4

సెల్లు అంతర్వేదిలోనే కొన్నాను.

జూలై 9

క్షవరం. మంగలి వీరాస్వామి "పెళ్ళిచూపులకాండి?" అన్నాడు. కత్తి మెడ మీద ఉంది కాబట్టి మర్యాదగా కాదన్నాను.

జూలై 15

రేపు పదహారు. సంచీ సర్దేశాను. మీసానికి రంగు వేశాను. పై పెదవికి కూడా కొంచెం పడింది, దూరం నించి తెలియదు. వీరమ్మగారికి చెప్పేశాను, వెళ్ళిపోతున్నానని.

"ఎక్కడికండి?"

"ఉప్పాడ."

"ఉప్పాడకి అంత నున్నగా గీసుకుని ఎల్తారేంటండీ" అంది.

ఆ మైకు సంగతి చిన్నమ్మాయి మర్చిపోయే ఉంటుంది. ఎవరైనా అంత చిన్న విషయం గుర్తుపెట్టుకుంటారా? పైగా నవ్వొచ్చే విషయం. ఒకవేళ గుర్తుంటే, రిక్షా ఎక్కించింది నేను కాదు కదా. మర్చిపోయే ఉంటుంది.

జూలై 16

రాలేదు.

జూలై 17. అంతర్వేది.

మళ్ళీ ఇక్కడికే వచ్చాను. గది ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వడానికి ఎవడున్నాడు?

నరసాపురం స్టేషను బాగా కట్టారు. బెంచీ బావుంది. కాసేపు కూర్చున్నాను. బండి సరైన టైముకే బయలుదేరింది. అంత సరైన టైముకి వెళ్ళాల్సిన అవసరం దానికేమొచ్చిందో తెలియదు. మామూలు రోజుల్లో అది ఎప్పుడు కదులుతుందో డ్రైవరుకే తెలియదు.

ఇంటికి వెళ్ళి అడగొచ్చు. వీధి తెలుసు, ఇల్లు తెలుసు. వెళ్ళలేదు. గడపలో నిలబెట్టి రానంటే ఎలా ఉంటుంది? అక్కడ గోడ కూడా ఉంటుంది, మా అత్తగారు దానికి చెబుతారు.

మంచిదే అయింది. ఒకళ్ళకి వండుకోవడం తేలిక. రేడియో ఎంత గట్టిగా పెట్టుకున్నా అడిగేవాళ్ళుండరు. మంచం అడ్డంగా పడుకోవచ్చు. ఇన్నేళ్ళూ అడ్డంగానే పడుకున్నాను. నిలువుగా పడుకోవడం అలవాటై ఎన్నాళ్ళయింది గనక.

జూలై 18

అడ్డంగా పడుకుంటే నిద్ర పట్టడం లేదు.

జూలై 19

పొద్దున్న ఇడ్లీ బావుంది అన్నాను. వీరమ్మగారు గరిటె కింద పెట్టేసి నా ఎదురుగా బల్ల మీద కూర్చుంది.

"ఇడ్లీ బాగోలేదు. పిండి పులిసిపోయింది. ఏమైంది మీకు?"

చెప్పకూడదనే అనుకున్నాను. చిన్నమ్మాయి గురించి, రిక్షా గురించి, మైకు గురించి, స్టేషను గురించి అన్నీ చెప్పేశాను. మైకు దగ్గరికొచ్చేసరికి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. స్టేషను దగ్గరికొచ్చాక మాత్రం పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆషాఢం అయిపోయిందని ఎవరు సెప్పారండి మీకు?"

"అమావాస్య అయింది కదండీ."

"అయింది ఒకటి. ఈ ఏడు రెండు ఆషాఢాలు బాబూ. మొదటిది అదికం. అసలుది మొన్న మంగళవారమే మొదలైంది."

మంగళవారం అంటే పదహారు. నేను మీసానికి రంగేసుకుని బెంచీ మీద కూర్చున్న రోజు. ఆషాఢం వెళ్ళిపోయిందని సాగనంపడానికి వెళితే, అది అప్పుడే బండి దిగుతోందన్నమాట.

గోడకున్న క్యాలెండరు తెచ్చి చూపించింది. చిన్న అక్షరాలతో వేశారు. క్యాలెండరులో అమ్మవారి బొమ్మ అంతుంది, నెల పేరు ఇంతుంది.

"మీకెవరూ సెప్పలేదా?" అంది.

ఎవరు చెబుతారు? నిడదవోలులో అందరికీ తెలిసే ఉంటుంది. నాకూ తెలిసే ఉంటుందని అందరూ అనుకుని ఉంటారు. లేదా నాకు తెలియదని తెలిసి, నా మొహం ఎలా ఉంటుందో చూద్దామని ఎదురుచూస్తూ ఉంటారు. నేనైతే అదే చేసేవాణ్ణి.

వీరమ్మగారు తాడు తెచ్చి ఇచ్చేసింది. ఇంక చావరులెండి, బట్టలారేసుకోండి అంది.

జూలై 20

రెండు ఆషాఢాలున్నంత మాత్రాన చిన్నమ్మాయి వస్తుందని ఎక్కడుంది? రెండున్నాయని ఆవిడకి తెలిసే ఉంటుంది, అయినా నాతో సరే అంది కదా. రాని రోజుకి సరే అన్న మనిషి వచ్చే రోజుకి ఏమంటుంది? ఇది నాకు పొద్దుటినుంచీ అంతు చిక్కడం లేదు.

మనిషిని చూస్తే తేలిపోతుంది. కానీ చూడాలంటే రూలొకటి. రూలు చదువుదాం. నేను ఎనిమిదో క్లాసుతో ఆపేసినా కోర్టు పక్క కొట్టులో కొన్నాళ్ళు పనిచేశాను. కొత్త దంపతులు ఒక కప్పు కింద ఉండకూడదు: మంచిది. అత్తా అల్లుడూ ఒక గడప దాటకూడదు: మంచిది. అయితే పంటు సంగతేంటి? ఈ ఒడ్డునించి ఆ ఒడ్డుకి సైకిళ్ళనీ గేదెలనీ లారీలనీ మనుషులనీ ఒకే పలక మీద నిలబెట్టి దాటించే పడవ. దానికి కప్పు లేదు. గోడల్లేవు. గోడల్లేనప్పుడు గుమ్మం లేదు, గుమ్మం లేనప్పుడు గడప లేదు. ఏటి మధ్యలో అది ఏ అత్తగారి ఇల్లూ కాదు.

శాస్త్రం రాసినవాడు పంటు ఎక్కి ఉండడు.

జూలై 22

పొద్దుటినుంచీ పంటు మీదే. అటు వెళ్ళాను, దిగలేదు. ఇటు వచ్చాను, దిగలేదు. టికెట్లు కొట్టే పల్లంరాజుగారు మూడోసారి నా దగ్గరికొచ్చి ఆగాడు.

"ఎక్కడ దిగుతారండీ మీరు?"

"తోచినప్పుడు."

"మాది తిరునాళ్ళ రంగులరాట్నం కాదండీ."

"అందుకే ఎక్కాను. రంగులరాట్నం ఎక్కితే నాకు కళ్ళు తిరుగుతాయి."

రాలేదు.

జూలై 23

ఎర్రనీరు వచ్చింది. ధవళేశ్వరంలో గేట్లెత్తారని రేడియోలో చెప్పారు. పంటు ఆపేశారు.

జూలై 26

పంటు లేదు. రేవులో గొడుగేసుకుని నిలబడ్డాను. గోదావరి నిండా కొట్టుకొచ్చే దుంగలూ, తుక్కూ. ఒక గడపమాను కూడా కొట్టుకుపోయింది, ఎవరి ఇంటిదో. మా అత్తగారిదేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను.

జూలై 30

పంటు వదిలారు. ఎక్కాను. రాలేదు. పల్లంరాజుగారు ఇప్పుడు నన్ను ఏమీ అడగడం లేదు. తాడు కట్టేటప్పుడు రెండో కొస నా చేతికి ఇస్తున్నాడు.

జూలై 31

రాలేదు. ఉప్పాడ వెళ్ళిపోవాలి. నిజంగానే.

ఆగస్టు 2, శుక్రవారం.

వరసగా రాస్తాను. లేకపోతే రేపటికి నేనే నమ్మను.

పొద్దున్న నరసాపురం ఒడ్డున పంటు ఆగింది. సైకిళ్ళు ఎక్కాయి, పాలబిందెలు ఎక్కాయి, ఆ వెనకాల చిన్నమ్మాయి ఎక్కింది. నా పక్కకి వచ్చి, నావైపు కాకుండా నీళ్ళవైపు తిరిగి నిలబడింది. ఆ ఇంట్లో ఎవరూ మనిషిని చూసి మాట్లాడరు.

"బావున్నారా?" అంది.

"టూరులో ఉన్నాను."

"తెలిసింది. నిడదవోలు రేడియో ఆయన పంటు దిగడం లేదని లేసు మూటలు తెచ్చే ఆడవాళ్ళందరూ వచ్చి మా అరుగు మీద చెప్పి పోతున్నారు. మొన్న మీరు బొత్తాం ఊడిన చొక్కా వేసుకున్నారంట కదా."

"అది టూరిస్టుల ఫ్యాషను."

ఇంజను మొదలైంది. పంటు కదిలింది. రేవు కాస్త దూరమయ్యాక అంది:

"పదహారో తారీఖున స్టేషన్లో నీలం సంచీతో బావున్నారు."

నాకు వెంటనే తలకెక్కలేదు.

"నువ్వు చూశావా?"

"చూశాం."

"చూశాం అంటే?"

"నేనూ అమ్మా. ప్లాట్‌ఫారం చివర పార్సిలు గోతాలు లేవూ, వాటి వెనకాల."

"రెండు ఆషాఢాలని నీకు ముందే తెలుసా?"

"మీకు తప్ప అందరికీ తెలుసండి. చెబుదామనే అనుకున్నాను. మైకు విన్నాక మానేశాను."

నేను ఆటపట్టించినవాళ్ళందరూ కలిసి వంద జన్మలెత్తినా నన్నిలా పట్టుకోలేరు. ఒక్క ‘సరే’తో పట్టుకుంది. పనితనం చూస్తే ముచ్చటేసింది. కానీ నాకు ఒక పాయింటు దొరికింది.

"మీ అమ్మగారు ఆషాఢంలో అల్లుడి మొహం చూడొచ్చా?"

"మొహం చూడలేదు. వెనకనించే చూసింది. దానికి దోషం లేదంట."

నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను, పాలబిందె ఆయన తిరిగి చూశాడు. చిన్నమ్మాయి నవ్వలేదు.

"మిమ్మల్ని నవ్వించడానికి చేయలేదండి."

"మరి?"

"నలభై దాటాక పెళ్ళి చేసుకుంటూ నేను ఒకటే అనుకున్నాను. కడుపునిండా పెట్టకపోయినా పరవాలేదు, నలుగురిలో చిన్నబుచ్చకుండా ఉంటే చాలని. నెల తిరక్కుండా మైకులో వేశారు. మా అమ్మ రైల్లో నరసాపురం దాకా ఒక్క మాట మాట్లాడలేదు." కొంగు భుజం మీదికి లాక్కుంది. "ఆవేళ నేను రాకపోతే మీరు ఏం చేస్తారో చూద్దామనుకున్నాను. అదే బండెక్కి వెళ్ళిపోతారు, ఊళ్ళో దాని మీద కూడా ఒక కథ అల్లుకుంటారు అనుకున్నాను. అలా వెళ్ళిపోయి ఉంటే, శ్రావణం వచ్చినా నేను వచ్చేదాన్ని కాదు."

"వెళ్ళలేదుగా."

"వెళ్ళలేదు. బండి వెళ్ళిపోయింది, మీరు అక్కడే ఉన్నారు. మేం ఇంటికెళ్ళి, వంట చేసుకుని, తిని మళ్ళీ వచ్చి చూస్తే అప్పటికీ అక్కడే ఉన్నారు. సాయంత్రం బండి కూడా వెళ్ళిపోయాక లేచారు. రావాలనిపించింది. ఇంటికెళ్ళేసరికి మళ్ళీ ఆ మైకు గుర్తొచ్చింది, వద్దనిపించింది. ఇప్పటికీ ఏదీ తేలలేదు నాకు."

సఖినేటిపల్లి ఒడ్డు వచ్చింది. అందరూ దిగారు, కొత్తవాళ్ళు ఎక్కారు. మేమిద్దరం దిగలేదు. పల్లంరాజుగారు మా దగ్గరికి వచ్చి, ఆవిడనీ నన్నూ చూసి, టికెట్లు కొట్టకుండా వెళ్ళిపోయాడు.

పంటు మళ్ళీ నరసాపురం వైపు తిరిగింది.

"ఒక్కటి అడుగుతాను" అంది చిన్నమ్మాయి. ఈసారి నావైపు తిరిగింది. "వెటకారం లేకుండా చెప్పండి. అంతసేపు ఎందుకు కూర్చున్నారు?"

నాలిక మీదికి మూడు వచ్చాయి. బెంచీకి కొత్తగా రంగు వేశారు, అతుక్కుపోయాను. స్టేషను మాస్టారు నన్ను పార్సిలు అనుకుని బిల్లు రాశాడు. ఇంకొకటి వాటికంటే బావుంది. ఏది అన్నా పాలబిందె ఆయన కూడా నవ్వేవాడు. చిన్నమ్మాయి నా మొహంలోకి చూస్తూనే ఉంది. అవి ఒకదాని వెనక ఒకటి వస్తుంటే చూస్తోందని నాకు తెలిసిపోతోంది. ఏటి మధ్యకి వచ్చేశాం. పంటు మీద పారిపోవడానికి ఎటూ చోటుండదు.

"లేస్తే నువ్వు రానట్టే అయిపోతుందని భయమేసింది. అందుకని లేవలేదు" అన్నాను.

ఇంకేదో కలపాలి కాబోలనుకున్నాను. ఏమీ తోచలేదు. అంతకుముందు నేను ఎప్పుడూ అంత చిన్నగా మాట్లాడి ఉండను. రెండోసారి చెప్పమంటుందేమోనని జడిశాను.

చెప్పమనలేదు. మళ్ళీ నీళ్ళవైపు తిరిగింది. తర్వాత, "గోతాల వెనకాల నాకూ వేసింది భయం. ఎక్కడ లేచి వెళ్ళిపోతారోనని" అంది.

నేను రెయిలింగు పట్టుకున్నాను. పంటు ఊగడం లేదు, ఊరికే పట్టుకున్నాను.

"శ్రావణం రాగానే పొద్దుటి పాసింజరుకి నేనే వస్తాను. మీరు ఇక్కడ తిరక్కండి, నిడదవోలు వెళ్ళి ఇల్లు కడిగించండి. వంటింట్లో ఆ రేడియో డబ్బాలు తీసేయండి, నాకు చోటు కావాలి" అంది.

"రేపే" అన్నాను. నిజంగా రేపే.

నరసాపురం ఒడ్డు దగ్గరపడింది. రేవు మెట్ల మీద మా అత్తగారు నిలబడి ఉన్నారు. గోదావరికి వీపు తిప్పి, ఊరివైపు చూస్తూ, నెత్తిన నల్ల గొడుగు. కాళ్ళ వెనకాల మెట్టు మీద ఇత్తడి క్యారేజీ. దిగేవాళ్ళందరూ ఆవిణ్ణి చుట్టి వెళుతున్నారు. ఆవిడ కదల్లేదు.

చిన్నమ్మాయి దిగింది. నేను పంటు చివర నిలబడ్డాను. నేల మీద కాలు పెట్టలేదు.

"నమస్కారమండీ" అన్నాను, ఆ వీపుకి.

గొడుగు కొంచెం కదిలింది.

"చిన్నమ్మాయీ, ఆయన భోంచేశారేమో అడుగు."

"ఇంకా లేదండి" అన్నాను.

"ఆ క్యారేజీ ఇవ్వమ్మా. చేపల పులుసు. చల్లారిపోతుంది, వేడిమీద తినమను. గిన్నెలు శ్రావణంలో నువ్వు వెళ్ళాక కడిగి పంపిద్దువుగాని. ఇప్పుడు ఆయన్ని కడగమనకు."

నా చేతికి క్యారేజీ వచ్చింది. పల్లంరాజుగారు తాడు విప్పాడు. వాళ్ళిద్దరూ మెట్లెక్కి వెళ్ళిపోయారు. ముందు గొడుగు, వెనకాల చిన్నమ్మాయి. పైమెట్టు మీద చిన్నమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. అత్తగారు తిరగలేదు. రూలు రూలే.

నీలం సంచీ మీద కూర్చుని ఏటి మధ్యలో అన్నం తిన్నాను. ఒక కప్పు కింద కాదు. ఏ గడపా దాటలేదు. పల్లంరాజుగారు పక్కన నిలబడి, "ఎలా ఉందండీ అత్తారింటి వంట?" అన్నాడు.

"బావుందండీ" అన్నాను.

పులుసులో ఉప్పు తక్కువైంది.